అటక మీది తుపాకికి వారసుడెవరు?

నాయన పోయిన కొద్ది రోజులకే మరణ ధ్రువపత్రం కోసం తిరగడం మొదలవుతుంది. పొలం కొడుకుల పేర ఎక్కాలి. బ్యాంకు ఖాతా మూయాలి. మోటారు సర్వీసు పేరు మార్చాలి. ఆవులు, చెట్లు, బావిలో వంతులు పెద్దమనుషుల ముందు పంచుకోవాలి. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి సర్దుకుంటాయి. అటక మీద గోనెపట్టాలో చుట్టి ఉన్న తుపాకి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా, "నాయన గుర్తు కదా, ఉండనీ" అని ఊరుకుంటారు. రెండు ముక్కలు చేసి పంచుకునే వస్తువు కాదు కాబట్టి అది పెద్దకొడుకు ఇంట్లోనే ఉండిపోతుంది.

చిక్కు అక్కడే ఉంది. లైసెన్సు నాయన పేర ఉంది. ఆయన కన్ను మూసిన నాడే దాని బలం పోయింది. ఆ తర్వాత తుపాకి ఎవరింట్లో ఉంటే వారు లైసెన్సు లేని ఆయుధం ఉంచుకున్నట్లే లెక్క. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టానికి జరిగిన సవరణ ప్రకారం దీనికి శిక్ష రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలు, దానిపైన జరిమానా. అంతకుముందు ఇది ఏడాది నుంచి మూడేళ్ళు. ఎవరికీ ఏ కీడూ చేయని రైతు కుటుంబం, కేవలం తెలియక, ఇంత పెద్ద నేరం కిందికి వస్తుంది.

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ సంగతి తెలుసుకోవలసిన ఇళ్ళు ఉన్నాయి. పలమనేరు, బైరెడ్డిపల్లె, వి.కోట, రామకుప్పం, కుప్పం ప్రాంతాల్లో అడవి అంచున పొలం ఉన్నవాడికి పంట కాపలా కొత్త కాదు. శనక్కాయ ఊడ దిగిన నాటి నుంచి కాయ పీకేదాకా, చెరకు గెడ కట్టిన నాటి నుంచి గానుగకు చేరేదాకా, రాత్రిళ్ళు మంచె మీదే గడుస్తాయి. డప్పు, టపాకాయ, కాగడాలతో పాటు కొన్ని ఇళ్ళలో తుపాకి కూడా ఉండేది. తాత తరంలో లైసెన్సు తీసుకున్నవారు ఇప్పుడు ముసలివారయ్యారు, కొందరు పోయారు. "ఆ తుపాకి ఎవరికి? మళ్ళీ కొనాలంటే ఏది కొనాలి?" అన్న ప్రశ్న ఆ ఇళ్ళలో ఇప్పుడు వస్తోంది.

పొలం వేరు, తుపాకి వేరు

పొలానికి యజమాని పోతే వారసులు దానంతటదే హక్కుదారులవుతారు. రికార్డులో పేరు మారడం ఆలస్యమైనా హక్కు పోదు. తుపాకి అలా కాదు. దాని ధర మీద వారసులకు హక్కు ఉంటుంది గాని, దాన్ని చేత పట్టే హక్కు ఉండదు. ఆ హక్కు లైసెన్సు వల్ల వస్తుంది. లైసెన్సును మనిషిని చూసి ఇస్తారు, ఇంటిని చూసి కాదు.

ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. తెల్లవారి హయాంలో 1878 నాటి ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవాడికి మినహాయింపు ఇచ్చిన చట్టం అది. స్వతంత్రం వచ్చాక దాన్ని తీసేసి 1959లో కొత్త చట్టం చేశారు. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద నియమావళిని 2016లో మళ్ళీ కొత్తగా రాశారు. ఈనాటికీ నడుస్తున్నవి 1959 చట్టం, దానికి వచ్చిన సవరణలు, 2016 నియమాలు.

లైసెన్సుదారు మరణిస్తే ఏం చేయాలో ఈ చట్టంలోనే ఉంది. ఉంచుకోవడం చట్టబద్ధం కాని ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి దగ్గర గాని డిపాజిట్ చేయాలి. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకి ప్రభుత్వం పాలు కాదు. వారసుడు తన పేర లైసెన్సు తెచ్చుకుని దాన్ని తిరిగి తీసుకోవచ్చు. వద్దనుకుంటే నియమాల్లో చెప్పిన గడువులోగా, లైసెన్సు ఉన్న మరొకరికి అమ్ముకోవచ్చు. గడువు దాటేదాకా పలక్కుండా ఊరుకుంటేనే అది ప్రభుత్వపరమవుతుంది.

కాబట్టి "స్టేషన్లో ఇస్తే ఇక రాదు" అన్న భయంతో అటక మీద దాచడం రెండు విధాల నష్టం. నేరం మీద పడుతుంది, తుపాకీ దక్కదు. చేయవలసిన పని సులువే. ముందుగా స్టేషనుకు వెళ్ళి, ఫలానా లైసెన్సుదారు మరణించారు, ఆయుధం ఇంట్లో ఉంది, డిపాజిట్ చేస్తాము అని కాగితం ఇవ్వాలి. తుపాకి నంబరు, లైసెన్సు నంబరు రాసిన రశీదు తీసుకోవాలి. ఆ రశీదు పొలం పాసు పుస్తకంతో సమానంగా దాచుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. మూతి నుంచి మందు కూరే పాత తుపాకిలో ఏళ్ళ నాటి మందు, గుండ్లు అలాగే ఉండిపోయి ఉండవచ్చు. చూడటానికి ఖాళీగానే కనిపిస్తుంది. పేలుతుందో లేదో చూద్దామని ట్రిగ్గరు నొక్కడం, పొయ్యి దగ్గర పెట్టడం, పిల్లల చేతికి ఇవ్వడం ప్రాణాల మీదికి తెస్తుంది. మూతి మనుషుల వైపు లేకుండా చూసి, కదిలించకుండా ఉంచి, పోలీసులకే ఆ మాట చెప్పడం మేలు.

బతికుండగానే దారి ఉంది

చాలామందికి తెలియని సౌకర్యం ఒకటి 2016 నియమాల్లో ఉంది. లైసెన్సుదారు చనిపోయేదాకా ఆగనక్కరలేదు. ఆయనకు 70 ఏళ్ళు నిండినా, లేదా ఆయన ఆ తుపాకిని 25 ఏళ్ళుగా ఉంచుకుని ఉన్నా, ఈ రెంటిలో ఏది ముందయితే అప్పుడు, తన వారసుల్లో ఒకరిని తానే ఎంచుకుని పేరు చెప్పవచ్చు. ఆ వారసుడికి అర్హతలు ఉంటే లైసెన్సు ఇచ్చే అధికారి అతని పేర కొత్త లైసెన్సు ఇవ్వవచ్చు.

దీనివల్ల మేలు ఏమిటంటే, పెద్దాయన ఉండగానే కుటుంబంలో మాట తేలిపోతుంది. ఆయన పోయాక మిగిలిన వారసులందరి దగ్గరా అభ్యంతరం లేదని కాగితాలు తేవాలి. ఒకడు బెంగుళూరులో ఉంటాడు, ఒకడు గల్ఫులో ఉంటాడు, ఒకడితో గట్టు తగాదా ఉంటుంది. ఒక్క సంతకం కుదరక తుపాకి ఏళ్ళ తరబడి స్టేషన్ గదిలో తుప్పు పడుతుంది. ఆయనే "చిన్నోడు నిదానస్తుడు, వాడికి ఇవ్వండి" అని రాసిస్తే ఆ గొడవ ఉండదు.

వారసుడు కొడుకే కానక్కరలేదు. భార్యయినా, కూతురైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 21 ఏళ్ళు నిండి ఉండాలి. ఒక మనిషి పేర రెండు తుపాకులకు మించి ఉండరాదు. ఈ పరిమితి 2019 దాకా మూడు ఉండేది. వారసత్వంగా వచ్చినా సరే, రెండు దాటకూడదని సవరణలో స్పష్టంగా ఉంది. అప్పుడే లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. గడువు పెరిగింది గదా అని రెన్యువల్ తేదీ మరచిపోయేవారూ ఉన్నారు. అదీ ప్రమాదమే. లైసెన్సు జాతీయ కంప్యూటరు జాబితాలో ఎక్కి, ప్రత్యేక గుర్తింపు సంఖ్య పడి ఉందో లేదో చూసుకోవాలి. పాత పుస్తకం ఒక్కటే చేతిలో ఉంటే చాలదు.

చట్టమే చెప్పిన తుపాకి

ఇక ఏ తుపాకి తీసుకోవాలన్న ప్రశ్న. పంట కాపలా కోసం అడిగే రైతుకు చట్టం ఒక దారి ముందే వేసి పెట్టింది. 1959 చట్టం 13వ సెక్షన్ ప్రకారం, నిజంగా పంట రక్షణ కోసమే అయితే మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలి. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, గొట్టం లోపల నున్నగా ఉండే మరో రకం తుపాకికి ఇవ్వవచ్చు. దాని గొట్టం 20 అంగుళాలకు తగ్గరాదు. రైఫిలు ఈ దారిలో లేదు. రైఫిలు కావాలంటే తగిన కారణం ఉందని వేరుగా అధికారిని ఒప్పించాలి.

ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. తుపాకుల పనితీరు చూస్తే కారణం తెలుస్తుంది.

మూతి తుపాకి అన్నింటికంటే పాతది. ముందు నుంచి మందు పోసి, గుడ్డ పీలిక కూరి, గుండ్లు వేసి, కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేల్చాక మళ్ళీ నింపడానికి నిమిషం దాకా పడుతుంది. వానలో, మంచులో మందు తడిస్తే పేలదు. అయినా పందుల మందను బెదరగొట్టడానికి ఒక్క చప్పుడు చాలు. ధర తక్కువ. అయితే లైసెన్సు ఉన్న మూతి తుపాకి వేరు, అడవిలో ఎవరో ఇనుప గొట్టం అతికి చేసిన నాటు తుపాకి వేరు. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. మొదటిదానికి నంబరు, కాగితం ఉంటాయి. రెండోది చేసినవాడికి, అమ్మినవాడికి 2019 సవరణ తర్వాత ఏడేళ్ళకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష ఉంది. పైగా నాసిరకం గొట్టం పగిలి పేల్చినవాడి వేళ్ళు, కళ్ళు పోవడం జరుగుతుంది.

రెండోది 12 బోరు తూటా తుపాకి. సగం దగ్గర మడతపెట్టి తూటా వేసే రకం. ఒంటి గొట్టం, జంట గొట్టాలు అని రెండు రకాలు. 12 బోరు అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా చేస్తే, ఆ గుండు పట్టేంత వెడల్పు గొట్టానిదన్నమాట. అది సుమారు 18 మిల్లీమీటర్లు. తూటాలో చిన్న గుండ్లు చాలా ఉంటాయి. పేలిన తర్వాత అవి విచ్చుకుంటాయి. 40 గజాలు దాటితే గురి, బలం రెండూ తగ్గిపోతాయి. అంత దగ్గరలో పని చేసే ఆయుధం కాబట్టే పొలాల మధ్య దీన్ని కొంతవరకైనా నమ్మవచ్చు. తడిసినా పనిచేస్తుంది. మడత విప్పి చూస్తే తూటా ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలున్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

మూడోది .315 రైఫిలు. మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల్లో తయారయ్యే బోల్టు రైఫిలు. ఆ కర్మాగారాలను నడిపిన బోర్డును 2021 అక్టోబరులో రద్దు చేసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడదీశారు. తుపాకుల పని వాటిలో ఒక కంపెనీ కిందికి వచ్చింది. రైఫిలు గొట్టంలో మెలికల గాళ్ళు ఉంటాయి. గుండు గిరగిర తిరుగుతూ నేరుగా చాలా దూరం పోతుంది. గురి తప్పితే కిలోమీటరు అవతల ఉన్న మనిషిని కూడా చంపగలదు. మన పొలాల చుట్టూ ఏముందో చూడండి. ఒకవైపు బోరు దగ్గర నీళ్ళు కట్టుకుంటున్న పక్క రైతు, ఒకవైపు గొర్రెల మంద తోలి పడుకున్న కాపరి, ఇంకొకవైపు మన ఊరే. చీకట్లో కదిలిన పొద మీద రైఫిలు పేల్చినవాడికి ఆ గుండు ఎక్కడ ఆగుతుందో తెలియదు. పంట కాపలాకు రైఫిలు కొనాలన్న ఆలోచన అందుకే మంచిది కాదు.

సినిమా రైఫిలు మోజు

కుర్రవాళ్ళకు మాత్రం మనసు మరో తుపాకి మీద ఉంటుంది. 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చిన నాటి నుంచి గుర్రం, టోపీ, తుపాకి మన పల్లెలకు తెలిసినవే. ఆ సినిమాను 2023 మేలో మళ్ళీ థియేటర్లకు తెస్తే జనం వెళ్ళి చూశారు. అమెరికా కౌబాయ్ సినిమాల్లో ట్రిగ్గరు చుట్టూ ఉన్న లీవరును కిందికి తోసి పైకి లాగి టపటపా పేల్చే రైఫిలును లీవర్ యాక్షన్ రైఫిలు అంటారు. లీవరు తోసినప్పుడు కాలిన తూటా బయటికి ఎగిరిపడుతుంది. వెనక్కి లాగితే కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. తూటాలు గొట్టం కింద మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. ముందున్న తూటా అడుగును వెనుకదాని మొన పొడవకూడదు కాబట్టి వీటి గుండ్లు మొన లేకుండా మొండిగా ఉంటాయి.

దీని సొంత ఊరు అమెరికాయే. వించెస్టర్ కంపెనీ 1873లో తెచ్చిన రకం, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నాటి రకం చాలా పేరు పొందాయి. 1894 రకం ఒక్కటే 70 లక్షలకు పైగా తయారైంది. అక్కడి పల్లెల్లో జింకల వేటకు పిల్లవాడి మొదటి రైఫిలుగా తండ్రి దీన్ని కొనివ్వడం, తాతది మనవడికి రావడం ఈనాటికీ ఉంది. బరువు తక్కువ, అడవిలో మోయడం సులువు, వంద నూటయాభై గజాల లోపు వేటకు సరిపోతుంది. అందుకే ఆ ఆదరణ.

అక్కడా కట్టుబాట్లు లేకపోలేదు. 1968 నాటి కేంద్ర చట్టం ప్రకారం దుకాణదారు 18 ఏళ్ళు నిండనివాడికి రైఫిలు అమ్మరాదు. కొనేవాడి పూర్వాపరాలను కంప్యూటరులో చూసే పద్ధతి 1998 నుంచి నడుస్తోంది. కొనే అర్హత లేనివాడి కోసం ఇంకొకడు తన పేర కొంటే నేరం. చదువుకో, తాత్కాలిక ఉద్యోగానికో వీసా మీద అక్కడికి వెళ్ళిన మన పిల్లలు కూడా, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి పట్టరాదు. ఈ సంగతి ఇక్కడి తల్లిదండ్రులు పిల్లల చెవిన వేయడం మంచిది. స్నేహితుడి తుపాకి చేత పట్టి ఫొటో దిగిన సరదా కూడా అక్కడ కేసుదాకా పోవచ్చు.

మన దేశంలో ఆ రైఫిలు పల్లె రైతుకు పనికిరాదు. విదేశీ తుపాకి తెప్పించుకోవడం మామూలు మనిషి వల్ల కాదు. పాత దొరల కాలం నాటిది ఎక్కడైనా దొరికినా, దానికి సరిపోయే తూటా దొరకదు. మన కర్మాగారాలు ప్రజలకు అమ్మే తూటాల్లో ముఖ్యమైనవి 12 బోరు, .315, .22, .32 రకాలు. తూటా లేని తుపాకి గోడకు తగిలించుకోవడానికే. దానికీ లైసెన్సు కావాలి.

తుపాకి కన్నా ముందు మనిషి

ఇంట్లో ఎవరి పేర లైసెన్సు పెట్టాలన్నది తుపాకి రకం కన్నా పెద్ద ప్రశ్న. సాధారణంగా పెద్దకొడుకు అంటారు. పెద్దకొడుకు తిరుపతిలోనో బెంగుళూరులోనో ఉద్యోగంలో ఉంటే, పొలం చిన్నవాడు చూస్తుంటే, లైసెన్సు పెద్దవాడి పేర పెట్టి లాభం లేదు. లైసెన్సుదారు పక్కన లేకుండా ఆ తుపాకితో మరొకరు కాపలా కాయడం కుదరదు. మరమ్మతుకో, రెన్యువల్‌కో తీసుకుపోవాలన్నా అతని రాతపూర్వక అనుమతి ఉండాలి. "మా అన్నది, నేను పట్టుకున్నాను" అన్న జవాబు చెల్లదు. నిజంగా రాత్రి పొలానికి వెళ్ళే మనిషి పేరే లైసెన్సులో ఉండాలి.

రెండోది అలవాట్లు. మందు తాగేవాడి చేతికి, గట్టు తగాదాలో ఆవేశపడేవాడి చేతికి, ఊళ్ళో పార్టీ కక్షల్లో తిరిగేవాడి చేతికి తుపాకి ఇప్పించడమంటే కొరివితో తల గోక్కోవడమే. స్టేషన్ అధికారి విచారణ చేసి నివేదిక పంపుతారు. కేసులుంటే అక్కడే ఆగిపోతుంది. అయితే కేసు లేనంత మాత్రాన మనిషి నిదానస్తుడని కాదు. ఆ సంగతి పోలీసుల కన్నా ఇంట్లోవాళ్ళకు బాగా తెలుసు. వాడి భార్యను అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది.

మూడోది దాచే చోటు. తుపాకి ఒకచోట, తూటాలు మరొకచోట, రెండూ తాళం లోపల ఉండాలి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. పెళ్ళి ఊరేగింపులో, జాతరలో సరదాగా గాలిలోకి పేల్చడం కూడా 2019 నుంచి ప్రత్యేక నేరం. రెండేళ్ళ దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఎన్నికలు వచ్చినప్పుడు అధికారులు డిపాజిట్ చేయమంటే చేయాలి. పోలింగు అయ్యాక తిరిగి తెచ్చుకోవాలి.

లైసెన్సు ఉన్నా పందిని కొట్టరాదు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. తుపాకి లైసెన్సు ఆయుధం ఉంచుకోవడానికి. అడవి జంతువును చంపడానికి అది అనుమతి కాదు. ఆ సంగతి చూసేది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 2022లో దాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పట్టికల ప్రకారం అడవి పంది రెండో పట్టికలో ఉంది. అది పంటను నాశనం చేస్తోందని తేలితే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. చట్టంలో "నిలిచి ఉన్న పంట" కూడా ఆస్తి కిందికే వస్తుంది. అనుమతి కాగితం లేకుండా కొడితే తుపాకి లైసెన్సు ఉన్నవాడి మీద కూడా అటవీ కేసు పడుతుంది. లైసెన్సూ పోవచ్చు.

కేరళ ప్రభుత్వం 2022లో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని పంచాయతీ, మునిసిపల్ అధ్యక్షులకు అప్పగించింది. లైసెన్సు ఉన్నవారిని పిలిపించి, అధికారికంగా కొట్టించే ఏర్పాటు అది. రైతు అటవీ కార్యాలయం చుట్టూ తిరిగేలోగా పంట పోతోందన్న గోడు అక్కడ అలా కొంత తీరింది.

ఏనుగు మాట వేరు. కౌండిన్య అభయారణ్యాన్ని 1990లో ప్రకటించిన నాటి నుంచి పలమనేరు, కుప్పం రైతులకు ఏనుగుల గోడు తెలిసిందే. చెరకు, అరటి, వరి, టమోటా ఏదీ మిగలడం లేదు. మనుషుల ప్రాణాలూ పోయాయి. అయినా ఏనుగు మొదటి పట్టికలోని జంతువు. పంట కోసం దాని మీద తుపాకి ఎత్తడానికి ఏ రైతుకూ అనుమతి రాదు. పైగా 12 బోరు గుండ్లు ఏనుగును చంపవు, గాయపరుస్తాయి. గాయపడిన ఏనుగు ఊరి మీద పడుతుంది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటు చేశారు. ఏనుగుకు జవాబు ఆ దారిలో, కందకాల్లో, సోలారు కంచెల్లో, సకాలంలో నష్టపరిహారంలో వెతకాలి.

కరెంటు తీగ వేయడం, నాటు బాంబు పెట్టడం తుపాకి కన్నా ఘోరం. వాటికి పంది, ఆవు, మనిషి అన్న తేడా లేదు. పొద్దున్నే నీళ్ళు కట్టడానికి వెళ్ళిన సొంత తమ్ముడే ఆ తీగకు బలైతే ఆ ఇంటికి ఏ పంట దక్కి ఏం లాభం?

కార్యాలయాలు చేయవలసింది

తప్పంతా రైతుదే అనడం న్యాయం కాదు. మరణ ధ్రువపత్రం ఇచ్చే పంచాయతీకి, పేరు మార్చే తహసీల్దారు కార్యాలయానికి, లైసెన్సుల జాబితా ఉన్న కలెక్టరేటుకు, పోలీసు స్టేషనుకు మధ్య మాట అందదు. లైసెన్సుదారు పోయాడని తెలిసేది రెన్యువల్ తేదీ దాటాకే. అప్పటికి ఏళ్ళు గడచి ఉంటాయి. జాబితా కంప్యూటరులో ఉంది కాబట్టి 70 దాటిన లైసెన్సుదారుల పేర్లు తీయడం పెద్ద పని కాదు. వారికి కబురు పంపి, మండల కేంద్రంలో ఒక రోజు కూర్చోబెట్టి, వారసుల దరఖాస్తులు తీసుకుంటే సగం చిక్కులు తీరతాయి. ఆ రోజే తుపాకి పట్టే పద్ధతి, దాచే పద్ధతి నేర్పవచ్చు.

దరఖాస్తు పెట్టిన రైతు కూడా తన హక్కులు తెలుసుకోవాలి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనరాదని చట్టమే చెబుతోంది. రెండెకరాలున్నవాడూ అడగవచ్చు. కాదంటే కారణం కాగితం మీద రాయాలి. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, అడిగితే ఆ కారణం చెప్పాలి. దాని మీద పై అధికారికి అప్పీలు ఉంది. "రేపు రా, ఎల్లుండి రా" అన్న మాట జవాబు కాదు.

చట్టం చూపిన దారి ఇరుకైతే మనిషి అడ్డదారి వెతుకుతాడు. లైసెన్సు కోసం ఏళ్ళు తిరిగి విసిగినవాడికి నాటు తుపాకి రాత్రికి రాత్రి దొరుకుతుంది. దానికి నంబరు లేదు, జాబితా లేదు, ఎవరి చేతికి మారిందో తెలియదు. కాగితం ఉన్న తుపాకిని కాగితంతోనే ఒక చేతి నుంచి మరో చేతికి మారనిస్తే, ఆ నాటు తుపాకుల బేరం కొంతైనా తగ్గుతుంది.

ఇంట్లో పాత తుపాకి ఉన్నవారు ఈ వారం చేయవలసిన పని ఒక్కటే. లైసెన్సు పుస్తకం తీసి, ఎవరి పేర ఉంది, ఏ తేదీ దాకా ఉంది, గుర్తింపు సంఖ్య పడిందా అని చూసుకోవాలి. పేరు ఉన్న మనిషి బతికి ఉంటే కూర్చుని మాట్లాడుకోవాలి. లేకపోతే స్టేషనుకు వెళ్ళి రశీదు తెచ్చుకోవాలి.